ముందు గీత, తర్వాతే అంకె

హౌ నది ఒడ్డు,
చాంద్రమానం మూడో నెల, ఇరవై ఆరు.

కడగొట్టు చెల్లెలు లాయ్‌కి,

అక్క న్యాన్ ఆశీస్సులు. నువ్వూ, మరిది దాన్, పిల్లలూ ఆ ద్వీపంలో కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అమ్మా నేనూ అన్నయ్యా అందరం క్షేమం. ఉత్తరమన్నాక ఈ వాక్యం రాయాలి కాబట్టి రాశాను. ఇందులో నిజమెంతో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

నువ్వు పంపిన మూట బస్సువాడు మొన్న మంగళవారం ఇచ్చి వెళ్ళాడు. ఎండు నెత్తళ్ళు బాగున్నాయి. చేప ఊట సీసా మూత దారిలో వదులైనట్టుంది, సగం కారిపోయి నీ ఉత్తరాన్ని నానబెట్టేసింది. ఎండలో ఆరబెట్టి చదివాను. మిగిలిన సగం సీసాని నాన్న పటం ముందు పెట్టింది అమ్మ. "పంపింది ఎవరో ఆయనకి తెలుసులే" అంది. నీ పేరు మాత్రం ఎత్తలేదు.

ఏడాదిగా నువ్వు ఫోను ఎత్తవు. ఫోనులో మన కుటుంబం గుంపులోంచి కూడా వెళ్ళిపోయావు. మంచి పని చేశావు, టోంగ్ అన్నయ్య అందులో పొద్దున్నే పెట్టే నీతివాక్యాలు చదివే బాధ నీకు తప్పింది. నువ్వు ఉత్తరం రాశావు కనుక నేనూ ఉత్తరమే రాస్తున్నాను. ఫోనులో అయితే నీ గొంతు వినగానే నేను మాట మార్చేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. అమ్మ మోకాలు ఎలా ఉందన్నావు. అలాగే ఉంది, వర్షం వచ్చే ముందు రోజు మూలుగుతుంది, వచ్చాక తిడుతుంది. నాన్న సగంలో వదిలిన పడవని ఏం చేశారన్నావు. అది ఇంకా పాకలోనే ఉంది. కుడి పక్క సందులకి గుగ్గిలం పూశాడు, ఎడమ పక్క పూయలేదు. ఎంతమంది అడిగినా అమ్మ ఇవ్వనంది. సాయంత్రాలు అందులో ఎక్కి కూర్చుని తమలపాకు నములుతుంది. "నీళ్ళలోకి దిగని పడవలో ఎక్కడికి ప్రయాణమమ్మా?" అని అడిగితే, "మీ నాన్న వచ్చి ఆ రెండో పక్క పూసేదాకా కావలి కాస్తున్నా, నీకేం అడ్డం?" అంటుంది.

మూడో ప్రశ్న, వచ్చే నెల పదో తేదీన నాన్న సంవత్సరీకానికి నువ్వు రావచ్చా అని. అన్నయ్య నిన్ను గడప దాటనిస్తాడా అని. నాలుగోది, "నేను పాడుచేసిన ఆ అంకె అసలు ఏమిటక్కా? ఏడాదైంది, ఒక్కరూ విడమరిచి చెప్పలేదు. దేన్ని పాడుచేశానో తెలియకుండానే తిట్లు తింటున్నాను" అని. ఈ వాక్యం దగ్గర చేప ఊట మరక పడి అక్షరాలు అలుక్కుపోయాయి, అయినా చదవగలిగాను. నాలుగోదానికే ముందు జవాబు రాస్తాను. అది రాయకుండా మూడోదానికి రాయలేను.

మనం చిన్నప్పటి నుంచీ ఏమనుకున్నాం? గుండె గడియారంలా ఒకే తీరుగా కొట్టుకుంటే మనిషి నిక్షేపంలా ఉన్నట్టే అనుకున్నాం. నర్సు చదువు చదివిన నేనూ పదిహేడేళ్ళు అలాగే అనుకున్నాను. ఉత్తరాది నుంచి డాక్టర్ క్వియెన్ మా ఆసుపత్రికి వచ్చిన మొదటి వారం మమ్మల్నందరినీ వరసగా కూర్చోబెట్టి, ఎవరి మణికట్టు వాళ్ళనే పట్టుకోమంది. "ఊపిరి పీల్చండి. ఇప్పుడు మెల్లిగా వదలండి. ఏం తెలిసింది?" అంది. పీల్చేటప్పుడు నాడి కాస్త తొందరపడింది, వదిలేటప్పుడు నెమ్మదించింది. రోజుకి ఇరవైమంది నాడి పట్టుకునే చేతులు మావి. ఇది మాకు ఎన్నడూ తెలియలేదు.

"గుండె బజారుకెళ్ళిన ఆడమనిషిలా ఉండాలమ్మా" అంది డాక్టర్ క్వియెన్. "ఇక్కడ ఆగాలి, అక్కడ బేరమాడాలి, చినుకు పడితే పరిగెత్తాలి. అట్లా కాకుండా సిపాయి కవాతు చేసినట్టు ఒకే అడుగు వేస్తోందంటే, దానికి కబుర్లు అందించే నరాలు చేతులెత్తేశాయన్న మాట. అప్పుడు భయపడండి."

ఒక చప్పుడుకీ మరుసటి చప్పుడుకీ మధ్య ఉండే ఎడం ఎంతెంత మారుతోందో కొలవడమే ఆ పని. ఛాతీ మీద మూడు అంటుబిళ్ళలు పెట్టి, అయిదు నిమిషాలు రోగి కదలకుండా చూసుకుంటే, చిన్న యంత్రం గీత గీస్తుంది, ఆ గీతలోంచి ఒక అంకె తీస్తుంది. సెకనులో వెయ్యో వంతులన్న మాట. మా వార్డు చూసే ధనుర్వాతంలో మొదట కండరాలు బిగుస్తాయి, అది అందరికీ కనిపిస్తుంది. ఆ తర్వాత విషం గుండెకి పగ్గాలు వేసే నరాలకి పాకుతుంది, అది ఎవరికీ కనిపించదు. ఒళ్ళు సడలి, మనిషి తేరుకున్నాడని ఇంటివాళ్ళు సంబరపడే వేళకి లోపల రక్తపోటు లేస్తుంది, పడుతుంది, గుండె ఉన్నట్టుండి ఆగిపోతుంది. అంకె బాగా పడిపోయి ఉంటే అలాంటి ప్రమాదం పొంచి ఉందని ముందే తెలుసుకోవచ్చని డాక్టర్ క్వియెన్ నమ్మకం. మేం నేర్చుకుంటున్నది అదే.

దానికి రెండు నియమాలు. బిళ్ళలు అంటించే ముందు ఛాతీని స్పిరిట్ దూదితో తుడవాలి. ముందు గీత చూడాలి, తర్వాతే అంకె చూడాలి. ఎందుకంటే బిళ్ళ సరిగా అంటకపోతే యంత్రం కొన్ని చప్పుళ్ళని వినదు. వినని చోట పెద్ద ఎడం ఉందనుకుంటుంది. చచ్చుబడిన గుండెకి కూడా గొప్ప అంకె ఇచ్చేస్తుంది. గీత చూస్తే ఆ బొంకు తెలిసిపోతుంది, విరిగిన దువ్వెనలా పళ్ళు ఊడిపోయి ఉంటుంది. అంకె ఒక్కటే చూస్తే తెలియదు.

ఈ విద్యలో మా వార్డులో అందరికంటే నేనే ముందున్నాను. మిగతావాళ్ళు మూడోసారికి గానీ మంచి గీత తీయలేకపోయేవాళ్ళు, నేను మొదటిసారే తీసేదాన్ని. డాక్టర్ క్వియెన్ నా గీతలు మళ్ళీ తెరిచి చూడడం మానేసింది. "న్యాన్ చూసిందంటే నేను చూసినట్టే" అనేది నలుగురిలో. నాకు ఎంత పొగరు వచ్చిందో నీకు తెలుసు, నువ్వు పుట్టింటికొచ్చినప్పుడల్లా నీ మీదే చూపించేదాన్ని. నీకూ బిళ్ళలు పెట్టి తీస్తే నీ అంకె నలభై ఒకటి వచ్చింది. నాది ముప్పై నాలుగు. అదేమిటో తెలియకుండానే "అక్క గుండె కంటే నా గుండె గొప్పది" అని నువ్వు అమ్మకి చెప్పుకుని మురిసిపోయావు.

తర్వాత నాన్న పాత పడవ బద్దలు విప్పుతూ తుప్పు మేకు తొక్కాడు. ఎనిమిదో రోజు అన్నం ముద్ద నోట్లోకి పోలేదు. అన్నయ్య పన్నునొప్పి అన్నాడు. దవడ ఒక్కటే కాదు, మెడ కూడా బిగిసిందని చూసి, పడవ మాట్లాడి ఆసుపత్రికి మోసుకొచ్చింది పుట్టింట్లో ఉన్న నువ్వు. ఈ సంగతి ఈ ఏడాదిలో ఎవరూ ఒక్కసారైనా తలచుకున్న పాపాన పోలేదు. నేనూ తలచుకోలేదు.

ఆ చీకటి గది నీకు గుర్తుండే ఉంటుంది. నల్ల తెరలు, చెవుల్లో దూది, గొంతులో గొట్టం, చప్పుడైతే ఒళ్ళు విల్లులా వంగిపోతుందని అందరం ఉత్తకాళ్ళతో నడిచేవాళ్ళం. మామూలు వార్డులో అయితే మంచం కింద చాప పరుచుకుని ఇంటిల్లిపాదీ అక్కడే కాపురం పెట్టొచ్చు. చీకటి గదిలో మాత్రం పొద్దున ఆరింటికి అరగంట, సాయంత్రం అయిదింటికి అరగంట. ఆసుపత్రికి వచ్చిన తొమ్మిదో రోజుకి బిగువులు తగ్గాయి. పదో రోజు ఒక్కసారి కూడా రాలేదు. అన్నయ్య ఇంటి నుంచి ఉయ్యాల గుడ్డ తెచ్చి, వరండాలో చంకన పెట్టుకుని నిలబడ్డాడు, నాన్నని బయటికి తెస్తే మంచం పక్కన కట్టుకుని తోడు పడుకుందామని.

"ఏమ్మా నర్సమ్మా, ఇవాళేమంటోంది నీ అంకె?" అనేవాడు నేను కనబడితే చాలు.

"ఎనిమిది, అన్నయ్యా. ఇంకా ఎదగలేదు."

"మనిషి కళ్ళు తెరిచి చూస్తన్నాడు, చెయ్యి ఊపుతన్నాడు. నీ డబ్బా ఎదగలేదని కన్నతండ్రిని గబ్బిలంలా చీకట్లో వేలాడదీస్తావా? గుగ్గిలం కలిపేవాణ్ణి పిలిచినా చెప్తాడు ఆయన బాగున్నాడని!"

అంకెలు పధ్నాలుగు, పదకొండు, తొమ్మిది, ఎనిమిది, ఎనిమిది. వార్డు పెద్ద మంచం ఖాళీ చేయమంటున్నాడు, బయట ఇంకో రోగి ఎదురుచూస్తోంది. డాక్టర్ క్వియెన్ ఒక్కతే అడ్డం పడింది. "అంకె పెరిగితేనే కదుపుతాను" అంది. మా ఆసుపత్రిలో ఆ అంకె మాటకి ఒక మనిషిని ఆపడం అదే మొదటిసారి. ఆ మనిషి మన నాన్న.

పన్నెండో రోజు పొద్దున నువ్వు లోపలికెళ్ళి నాన్న ఛాతీకీ అరికాళ్ళకీ ఆయన రోజూ రాసుకునే ఘాటు పచ్చ నూనె రాశావు. ఏడింటికి నేను అంటుబిళ్ళలు పెట్టాను. అంకె నలభై ఆరు వచ్చింది. పదింటికి నాన్నని మామూలు వార్డుకి మార్చారు. అన్నయ్య ఉయ్యాల కట్టాడు. మధ్యాహ్నం మూడున్నరకి నాన్న ఒళ్ళంతా చెమట పట్టింది, రక్తపోటు చూసే యంత్రం వెతికి తెచ్చేలోపు గుండె ఆగింది. ఇంతవరకు నీకు తెలుసు. లోకానికి కూడా ఇంతే తెలుసు.

సాయంత్రం డాక్టర్ క్వియెన్ పొద్దుటి గీత తెరిచింది. వరండాలో అందరం ఉన్నాం. ఆమె మొహం పాలిపోయింది. నా వైపు తిరిగి, "న్యాన్, ఇది నువ్వు చూసే చెప్పావా?" అంది. నేను నోరు తెరిచేలోపు నువ్వు గోడకి జారగిలబడి ఏడ్చావు. "నూనె రాశాను డాక్టరమ్మా, నాన్న అడిగాడు, కాదనలేకపోయాను" అన్నావు. అందరూ నీ వైపు తిరిగారు. ఆహా నూనె, అందుకా, అని ఎవరో నిట్టూర్చారు. డాక్టర్ క్వియెన్ నన్ను అడిగిన ప్రశ్న మళ్ళీ అడగలేదు.

అన్నయ్య శవం దగ్గరే మొదలుపెట్టాడు. "దవడ బిగిసి, గొంతులో గొట్టమున్న మనిషి నూనె కావాలని నీకు చెప్పాడా? ఏ భాషలో చెప్పాడే? మొగుడింటికెళ్ళినా పల్లెటూరి బుద్ధి పోలేదు నీకు" అన్నాడు. అంత్యక్రియల రోజు నువ్వు అగరొత్తి కోసం చెయ్యి చాస్తే, "ఆ నూనె చేతుల్తో ముట్టుకోకు" అని తన వెనక దాచుకున్నాడు. అప్పట్నుంచి మన ఇంట్లో నీ పేరు లాయ్ కాదు, నూనె చేతులు. వదిన కూడా అదే అంటుంది, వాళ్ళ పిల్లలూ అదే అంటారు. నేను అనలేదు. అనవద్దని కూడా అనలేదు.

ఇక్కడిదాకా రాసి లేచి వెళ్ళి, బట్టలు ఆరేసి వచ్చాను. ఆరేయడానికి రెండే బట్టలున్నాయి.

ఈ మధ్య నేను ఆ విద్య నేర్పే టీచర్ని అయ్యానని ఎవరి ద్వారానో నీకు తెలిసే ఉంటుంది. చుట్టుపక్కల చిన్న ఆసుపత్రుల నుంచి నర్సులు వస్తారు, ఒక్కో జట్టుకి పధ్నాలుగు మంది. నా మెడ కింద రెండు, పక్కటెముక మీద ఒకటి బిళ్ళలు పెట్టుకుంటాను. పాఠం చెబుతున్నంతసేపూ నా గీత గోడ మీది తెరపై పోతూ ఉంటుంది, వాళ్ళు చూసి నేర్చుకుంటారు. బిళ్ళ వదులైతే ఏమవుతుందో చెప్పే చోట ఒక కథ చెబుతాను. "మా వార్డులో ఒక రోగి బంధువు ఎవరికీ తెలియకుండా పచ్చ నూనె రాసింది..." అని మొదలుపెడతాను. ఆ బంధువు కొంగు చాటున సీసా దాచుకురావడం నేను చేసి చూపిస్తాను. అందరూ నవ్వుతారు. నవ్వితే బాగా గుర్తుంటుంది కదా. ఆరు జట్లకి చెప్పాను లాయ్, నిన్ను ఆరుసార్లు నవ్వులపాలు చేశాను.

ఏడో జట్టు పోయిన వారం వచ్చింది. అందులో థోమ్ అని ఒకావిడ ఉంది. సముద్రం పక్క ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు పనిచేసింది, ఇంకో ఏడాదిలో విరమిస్తుంది. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, ప్రతి మాటా పుస్తకంలో ఎక్కించుకునే రకం. నేను కథ చెప్పాను. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"చెల్లెమ్మా, చిన్న సందేహం" అంది. "ఆ పచ్చ నూనె మా వీధిలో ఎవరైనా రాసుకుంటే నాలుగిళ్ళ అవతలికి గుప్పుమంటుంది. మరి మూసిన గదిలో, మనిషి మీదికి వంగి బిళ్ళలు అంటించిన నర్సుకి వాసన రాలేదా? ఆవిడకి ముక్కు లేదా ఏంటి?"

"పాపం పడిశం పట్టుంటుంది థోమక్కా" అన్నారెవరో. గది గొల్లుమంది. నేను కూడా నవ్వాను. "అయ్యుంటుంది" అన్నాను.

అప్పుడే ముందు వరసలో ఒకమ్మాయి, "అక్కా, తెర చూడండి, మీ గీత అదోలా అయిపోయిందేంటి?" అంది. తిరిగి చూశాను. పాఠం మొదట్లో ముప్పై నాలుగు ఉన్న నా అంకె తొమ్మిది అయింది. గీత సిపాయిలా ఒకే అడుగు వేస్తోంది.

"బిళ్ళ ఊడినట్టుంది" అన్నాను.

నోరు జారాక గానీ తెలియలేదు ఏమన్నానో. బిళ్ళ వదులైతే అంకె పెరుగుతుంది, తగ్గదు. అరగంట ముందు నేనే చెప్పాను, పధ్నాలుగు మందీ రాసుకున్నారు. థోమ్ తన పుస్తకంలోకి చూసింది, తెర చూసింది, నన్ను చూసింది. "ఊడలేదమ్మా, బాగానే అంటుకుని ఉంది" అంది మెల్లిగా. మిగతావాళ్ళకి పట్టిందో లేదో నాకు తెలియదు. పాఠం అయ్యాక ఆవిడ ఒక్కతే ఉండిపోయి, బిళ్ళలు తీసి, ఒంటికి అంటిన జిగురు దూదితో తుడుస్తూ, "ఎవరమ్మా ఆ రోగి?" అని అడిగింది. "మా నాన్న" అన్నాను. ఆవిడ దూది పారేసి వెళ్ళిపోయింది.

ఇప్పుడు చదువు లాయ్. ఇదే నేను రాయాల్సింది.

నాకు వాసన వచ్చింది. తెర ఎత్తి లోపల అడుగు పెట్టగానే వచ్చింది. నాన్న ఛాతీ మీద నూనె మెరుస్తోంది. స్పిరిట్ దూది నా చేతిలోనే ఉంది. పైపైన ఒక్క రాపు రాసి బిళ్ళలు పెట్టాను. గీత చూశాను. విరిగిన దువ్వెన. కింద అంకె నలభై ఆరు. తుడిచి మళ్ళీ తీయాలని తెలుసు. మళ్ళీ తీస్తే ఎనిమిదే వస్తుందని తెలుసు. డాక్టర్ క్వియెన్ తలుపు దగ్గర నిలబడి, "గీత చూశావా?" అని అడిగింది. "చూశాను" అన్నాను. "శుభ్రంగా ఉందా?" అంది. "ఉంది" అన్నాను.

ఎందుకన్నానో ఏడాదిగా నన్ను నేనే అడుగుతున్నాను. నాన్న వెలుగులోకి రావాలని ఆశ. బిగువులు లేవు, చెయ్యి ఊపుతున్నాడు, నిజంగానే బాగుపడ్డాడేమో, యంత్రమే పొరబడుతోందేమో అని ఆశ. అన్నయ్య రోజూ వరండాలో ఉయ్యాల గుడ్డ పట్టుకుని వేసే ఎత్తిపొడుపులు ఇంక పడలేనన్న విసుగు. ఇవన్నీ ఉన్నాయి. వీటికంటే కింద ఇంకొకటి ఉంది, దాన్ని నీ దగ్గర దాచను. మన నాన్నని బయటికి తెచ్చిన అంకె నేను తీసిందని అందరిముందూ అనిపించుకోవాలనుకున్నాను.

చీకటి గదిలోనే ఉంటే నాన్న బతికేవాడా? ఆ గదిలో ఉన్నా కొందరు దక్కరని డాక్టర్ క్వియెన్ ఎప్పుడూ అంటుంది. ఆ మాట నాకు చాలా హాయిగా ఉంటుంది, అందుకే దాన్ని నమ్మను. అక్కడైతే నిమిషానికోసారి చూసేవాళ్ళుండేవారు. మామూలు వార్డులో యంత్రం వెతుక్కోవాల్సి వచ్చింది. అంతవరకు నాకు ఖాయంగా తెలుసు.

నాన్న నూనె అడగలేదని అన్నయ్య నిన్ను అబద్ధాలకోరుని చేశాడు. అడిగాడు. బొటనవేలు ముక్కు దగ్గర పెట్టుకుని, తర్వాత గుండె మీద గుండ్రంగా తిప్పాడు, అవునా? నాకెలా తెలుసంటే, అంతకు ముందు రోజు నన్నూ అలాగే అడిగాడు. "ఇక్కడ నూనెలు కుదరవు నాన్నా, నియమం" అన్నాను. గోడ వైపు చూశాడు. జీవితమంతా నీళ్ళలో నానిన మనిషి, ఆ నూనె వాసన లేకుండా ఒక్క పొద్దూ గడపని మనిషి, పదకొండు రోజులు అది లేకుండా ఉన్నాడు. ఆఖరి పొద్దున నువ్వు దాన్ని ఆయనకిచ్చావు. తుడిచేస్తే అయిపోయే నూనె లాయ్ అది. ఒక దూది ముక్కతో పోయేది. దానివల్ల ఎవరూ చావరు.

ఇంకొక సంగతి ఉంది. దీన్ని నాలుగుసార్లు రాసి కొట్టేసి, కాయితం మార్చాను. థోమ్ అడిగిన రోజే సాయంత్రం పడవలో అమ్మ పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. ఏడుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. నములుతున్న తమలపాకు పడవ అవతలికి ఉమ్మింది. తర్వాత అంది:

"టోంగ్‌కి చెప్పకు."

"అమ్మా, లాయ్ ఏడాదిగా..."

"అది దూరంగా ఉంది. ఆ మాట మోయడం దానికి అలవాటైపోయింది. నువ్వు నా దగ్గరుండేదానివి. రేపు వాడు నిన్ను కూడా ఇంట్లోకి రానియ్యకపోతే నా మందులు ఎవరు చూస్తారే? ఆసుపత్రిలో నన్ను ఎవరు పలకరిస్తారు? పోయినాయన పోయాడు. ఉన్నవాళ్ళు ఉండాలి కదా."

నీకు ఈ మాట రాయకూడదు. కానీ ఒకటి ఏడాది పాటు దాచి ఇంత దూరం వచ్చాను, ఇంకొకటి దాచలేను. అమ్మ మీద కోపం పెట్టుకోకు అని నేను రాయను. పెట్టుకో. నా మీదా పెట్టుకో. ఎందుకంటే అమ్మ ఆ మాట అన్నాక రెండు రోజులు నేను హాయిగా అన్నం తిన్నాను. తల్లి చెప్పింది, వినాలి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మూడో రోజు నీ మూట వచ్చింది. "దేన్ని పాడుచేశానో తెలియకుండానే" అన్న నీ ముక్క చదివాను.

నిన్న డాక్టర్ క్వియెన్ గదికి వెళ్ళి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి, బల్ల మీద పెట్టి, మళ్ళీ పెట్టుకుంది. "నేను అడిగి ఊరుకున్నాను. తెరిచి చూడాల్సింది" అంది. నన్ను ఓదార్చడానికి అనలేదు, తనకి తాను చెప్పుకుంది. తర్వాత, "జరిగినదంతా కాయితం మీద రాసివ్వు. రేపటి నుంచి పాఠం ఇంకొకరు చెబుతారు" అంది. తలుపు దాకా వెళ్ళాక వెనక్కి పిలిచింది. "ఆ కథ పాఠంలోంచి తీయను, న్యాన్. అందులో రోగి బంధువుని తీసేసి నర్సుని పెడతాను" అంది. సరేనన్నాను. వార్డులో ఉంచుతారో పంపేస్తారో ఇంకా తెలియదు.

అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. భయపడి కాదు. విడిగా చెబితే నాకొక్కదానికే వినబడేలా తిట్టి, దాన్ని అక్కడే పూడ్చేస్తాడు, రేపు మళ్ళీ నిన్ను నూనె చేతులనే అంటాడు. పదో తేదీన పెదనాన్నలూ పిన్నులూ వరసగా కూర్చుని, కూరిన కాకరకాయ చారూ, కొబ్బరి నీళ్ళలో ఉడికించిన పంది మాంసమూ, గుడ్లూ నాన్న పటం ముందు పెట్టాక, అగరొత్తులు వెలిగించే ముందు చెబుతాను. నువ్వు వస్తే నీ ఎదుట చెబుతాను. రాకపోయినా చెబుతాను. ఈ ఉత్తరం నీ దగ్గర ఉంటుంది కాబట్టి నేను వెనక్కి తగ్గే దారి లేదు. అందుకే దీన్ని ముందు టపాలో వేసి, తర్వాతే నీకు అంతా రాసేశానని అమ్మకి చెబుతాను.

వచ్చేటప్పుడు ఒక పచ్చ నూనె సీసా కొనుక్కురా. నాన్న పటం పక్కన నీ చేత్తో పెట్టు.

రావచ్చా అని అడిగావు. తండ్రికి అగరొత్తి వెలిగించడానికి నువ్వెవరినీ అడగక్కర్లేదు. అడగాల్సింది నేను, నిన్ను. ఆ రోజు నీ పక్కన నిలబడి నేనూ ఒకటి వెలిగించవచ్చా? నువ్వు వద్దంటే అన్నం వండి, గిన్నెలు తోమి, వంటింట్లోనే ఉంటాను. నీ జవాబు వచ్చేదాకా నాన్న పటం ముందు అగరొత్తి ముట్టుకోను.

ఇట్లు,
ఆ పొద్దున వాసన తెలిసీ ఊరుకున్న
నీ అక్క,
న్యాన్.